హెచ్చు వోల్టేజి - ఇంటి సంగీత పరికరములు

విద్యుచ్ఛక్తిని గూర్చి మన యిండ్లలో వినవచ్చు ఫిర్యాదు సాధారణముగా నొక్కటియే. కరెంటు చాలుట లేదు, దీపము మినుకుమినుకు మనుచున్నది, పంకా తిరుగుట లేదు, అని. కరెంటు హెచ్చుగా వచ్చుచున్నదని మొఱపెట్టుకొనువారు మిక్కిలి యరుదు. దీపము కొంచెము తెల్లగా వెలిగినను, పంకా కొంచెము వడిగా తిరిగినను, అది లాభమే యని గృహస్థుడు సంతోషించును. ఆ సంతోషమునకు మూల్యము చెల్లించునది ఆ యింటనున్న పాత రేడియో, గ్రామఫోను, ఆంప్లిఫయరు మొదలగు పరికరములు. వాని పక్షమున నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని.

విజయవాడలో రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. ఆ దినములలోను, ఆ తరువాత నొక యిరువది యేండ్ల వఱకును కొనబడిన వాల్వు రేడియోలు నేటికిని మన యిండ్లలో అటకలమీద గలవు. ఇటీవల గ్రామఫోను ప్లేట్లపై మరల ప్రీతి కలుగుటచే, తాతగారి రేడియోను మనుమడు దింపించి, దుమ్ము దులిపించి, మెకానిక్కుచేత బాగుచేయించి ముందుగదిలో పెట్టుకొనుచున్నాడు. అది నాలుగు నెలలు చక్కగా పాడును. అయిదవ నెలలో లోపలి ట్రాన్సుఫార్మరు మాడి వాసన వచ్చును. పాత సరకు, ఇంతకన్న నెన్నాళ్లు వచ్చును, అని మెకానిక్కు పెదవి విఱచును. తప్పు అన్నిసార్లును వయస్సుది కాదు. ఆ రేడియోను 220 వోల్టులకు నిర్మించిరి. ఆ యింటిగోడలో 250 వోల్టులున్నవి. ఆ యిద్దఱిలో నెవ్వరును గోడను కొలిచి చూడలేదు.

వోల్టు లనగా నేమో మొదట చూతము. తీగలలో ప్రవహించు విద్యుత్తును త్రోయు ఒత్తిడికి వోల్టేజి యని పేరు. నేడు మన దేశమున నింటి కరెంటునకు ప్రకటింపబడిన వోల్టేజి 230. కాని ప్రకటించిన యంకె యొకటి, సాకెట్టులో కనబడునది మఱియొకటి. ఆ భేదము ఎవరి యలక్ష్యమువలననో కలిగినది కాదు. వీధి చివర స్తంభములపై నుండు ట్రాన్సుఫార్మరు 11,000 వోల్టుల లైనునుండి మన యిండ్లకు వలయు వోల్టేజిని దింపి యిచ్చును. దాని పలకపై 11,000 క్రింద 433 అను నంకె చెక్కబడియుండును. ఇది రెండు ఫేజుల నడుమనుండు వోల్టేజి. దానిని మూడింటి వర్గమూలముచే భాగింపగా, ఒక ఫేజునకును న్యూట్రలునకును నడుమ 250 వోల్టులు వచ్చును. అనగా, ట్రాన్సుఫార్మరుపై భారము లేనపుడు 250 వోల్టులుండునట్లే దానిని నిర్మించినారు!

ఇట్లేల చేసిరని యడుగవచ్చును. కృష్ణా కాలువ క్రింద సేద్యము చేయువారికి దీనిని విడమరచి చెప్ప నక్కఱలేదు. శివారు పొలమునకు నీరందవలెనన్నచో కాలువ మొదట నిండుగా పాఱవలెను. దారి పొడవునను తూములన్నియు లాగుకొనగా మిగిలినది శివారునకు చేరును. ఇచ్చటను అంతియే. తీగ పొడవునను కొంత వోల్టేజి హరించును గనుక, చివరి యింటికి 230 లేక 220 చేరవలెనని మొదట 250 పెట్టుదురు. మొదటి యిల్లు మనదైనచో మనకు నిండు కాలువ. అర్ధరాత్రము దాటి ఊరు నిద్రించునపుడు తూములన్నియు మూసినట్లే. అప్పుడు చివరి యింటికిని వోల్టేజి పెరుగును. పల్లెలలో పంపుసెట్లు ఆగిన వేళను ఇదే జరుగును. ఇప్పుడు క్రొత్తగా మఱియొక కారణము చేరినది. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము మొదలగువానివలన ఇంటికప్పులపై సూర్యరశ్మి పలకలు వెలయుచున్నవి. అవి మిట్టమధ్యాహ్నము తమ యింటి యవసరమునకు మించిన విద్యుత్తును వీధి తీగలోనికి త్రోయును. ఆ త్రోపునకు వీధి వోల్టేజి పైకి లేచును. శివారు పొలములో నెవరో బోరు వేసి ఆ నీటిని కాలువలోనికే వదలినట్లు.

ఈ హెచ్చు మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపా ఖండమున 220గాను, బ్రిటనులో 240గాను ఉండిన వోల్టేజిని 230 అను నొక్క పేరు క్రిందికి తెచ్చిరి. బ్రిటనులో నీ మార్పు 1995 జనవరి 1వ తేదీన జరిగినది. అయితే అచ్చటి సాకెట్టులలోని వోల్టేజి ఆ నాడు తగ్గలేదు. పైకి నూటికి 10 వంతులు, క్రిందికి 6 వంతులు ఉండవచ్చునని హద్దులు సవరించిరి. ఆ హద్దు ప్రకారము 253 వోల్టులును న్యాయమే. పేరు మాఱినది, కరెంటు మాఱలేదు. 220 వోల్టులకు నిర్మించిన జర్మనీ, హాలెండు రేడియోలు అచ్చటను ఈ కష్టమునకు లోనైనవే.

ఇక నీ ముప్పది వోల్టుల హెచ్చు చేయు పని యెట్టిదో చూడవలెను. 220కి బదులు 250 అనగా నూటికి సుమారు 14 వంతుల హెచ్చు. అంతియే కదా యని తోచును. కాని వేడి వోల్టేజితో సమానముగా పెరుగదు, దాని వర్గముతో పెరుగును. కుంపటివంటి వస్తువునకు 250 వోల్టులిచ్చినచో, అది నూటికి 29 వంతులు హెచ్చుగా వేడెక్కును. గాలి యాడని కొయ్యపెట్టెలో ఈ హెచ్చు వేడి చిన్నది కాదు. ఎండకాలమున మన గదులలో నుండు వేడిమి దీనిపై నదనము.

రేడియో ముఖముపై స్టేషనుల పేర్లను వెలిగించు చిన్న బల్బును చూడుడు. ఫిలమెంటు దీపము ఆయుర్దాయము వోల్టేజి పెరిగినకొలది అతి శీఘ్రముగా క్షీణించును. నూటికి 5 వంతులు హెచ్చినంతనే ఆయువు సుమారు సగమగును. ఆ బల్బు మాటిమాటికి మాడుచున్నచో, అది మీ యింటి వోల్టేజి వ్రాసిన తొలి యుత్తరమని యెంచవలెను. వాల్వులలోని హీటరులు దానికి జ్ఞాతులే. 6.3 వోల్టులుండవలసిన హీటరునకు, గోడలో 250 ఉన్నపుడు, సుమారు 7.2 వోల్టులు చేరును. వాల్వులు చేసినవారు సాధారణముగా నూటికి 10 వంతుల హెచ్చుతగ్గులను ఒప్పుకొందురు; అనగా 6.9. ఇది ఆ హద్దును దాటినది. అంతియు గాక, శబ్దమును లౌడు స్పీకరునకు పంపు చివరి వాల్వు మొదటినుండియు తన శక్తి కొలది పని చేయుచుండును. ఐరోపా రేడియోలలో విస్తారముగా వాడిన ఇ.ఎల్. 84 అను వాల్వు ప్లేటు మీద భరింపగలిగిన వేడి 12 వాట్లు. నిర్మాతలు పలువురు దానిని ఆ యంచునకు దగ్గఱగనే నడపిరి. అట్టి చోట హెచ్చు వోల్టేజి పడినచో ప్లేటు ఎఱ్ఱబడును.

అన్నిటికంటె నాకు భయము కలిగించునది కండెన్సరు. వాల్వు రేడియోలలో ఏ.సి. కరెంటును డి.సి.గా మార్చిన తరువాత, దానిలోని ఒడిదుడుకులను నిదానింపజేయు గుండ్రని డబ్బీలే ఈ కండెన్సరులు. వానిపై సాధారణముగా 450 వోల్టులని వ్రాసియుండును. ట్రాన్సుఫార్మరు చుట్టలో 300 వోల్టులు పుట్టునట్టి రేడియోను తీసికొందము. ఏ.సి. కరెంటు శిఖరము దాని యంకెకు 1.414 రెట్లుండును గనుక, భారము లేనపుడు కండెన్సరుపై 424 వోల్టులు నిలుచును. 450కి లోబడినదే, చింత లేదు. కాని గోడలో 220కి బదులు 250 ఉన్నచో ఆ 424 కాస్తయు 482 అగును.

మొదట నిర్మించినపుడు రెక్టిఫయరు వాల్వు మెల్లగా కాగుచు, తక్కిన వాల్వులతోపాటు మేల్కాంచెడిది. అందఱును మేల్కాంచి కరెంటును త్రాగునపుడు ఈ వోల్టేజి దిగిపోయెడిది. ఇప్పుడు మెకానిక్కులు ఆ వాల్వు దొరకక, దానికి బదులు చిన్న డయోడులు వేయుచున్నారు. డయోడునకు కాగుట యనునది లేదు. మీట నొక్కిన క్షణముననే నిండు వోల్టేజిని కండెన్సరుపై నిలుపును. తక్కిన వాల్వులు కాగువఱకును త్రాగువారుండరు. అటుపిమ్మటనైనను, డయోడులో హరించు వోల్టేజి వాల్వులో కంటె చాల తక్కువ గనుక, లోపలి వోల్టేజి పూర్వముకంటె హెచ్చుగనే నిలుచును. హెచ్చు వోల్టేజియు, డయోడును ఒకే రేడియోలో కలిసినచో ఆ కండెన్సరు పొంగి పగులుటయో, దాని వెనుక ట్రాన్సుఫార్మరు మాడుటయో తప్పదు. డయోడులు వేయించుకొనువారు వానితోపాటు వోల్టేజిని తగ్గించు నిరోధకమును కూడ వేయుమని మెకానిక్కును గట్టిగా నడుగవలెను. ఇది పది రూపాయల మాట. ట్రాన్సుఫార్మరును మరల చుట్టించుట వేల మాట.

ట్రాన్సుఫార్మరు సంగతియు చెప్పవలెను. దాని నడుమనుండు ఇనుప రేకులు ఒక హద్దు వఱకే అయస్కాంత బలమును ఇముడ్చుకొనగలవు. నీరు నిండిన గుడ్డ మఱి తడవనట్లు, ఆ హద్దు దాటిన పిదప ఇనుమునకు చోటుండదు. అప్పుడు చుట్టలో ప్రవహించు కరెంటు ఉపయోగము లేకయే పెరిగి, చుట్టను కాల్చును, రేకులను అదరించును. పొదుపు కొఱకు ఇనుమును తగ్గించి చేసిన ట్రాన్సుఫార్మరులు ఈ హద్దునకు మొదటనే దగ్గఱగా నుండును. వీనికి గుర్తు ఝుంకారము. పాట ఆపినను, శబ్దపు మీటను సున్నకు త్రిప్పినను, స్పీకరునుండి కాక పెట్టెనుండియే ఝుమ్మను ధ్వని వచ్చుచు, అది సాయంకాలము తగ్గి అర్ధరాత్రమున హెచ్చుచున్నచో, వోల్టేజిని అనుమానింపవలెను. ఈ పరీక్ష కొఱకని కొందఱు స్పీకరు తీగను ఊడదీయుదురు. వాల్వు ఆంప్లిఫయరు నడచుచుండగా అట్లు చేయరాదు. శబ్దము పోవు దారిలోని రెండవ ట్రాన్సుఫార్మరు దెబ్బతినును. చెవి చాలును.

ఇంతవఱకు చెప్పినది పాత పరికరములకును, పెద్ద ట్రాన్సుఫార్మరు గల ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులకును వర్తించును. నేడు బజారున దొరకు చిన్న ఆంప్లిఫయరులు, బ్లూటూతు స్పీకరులు, టెలివిజను క్రింద పెట్టు పొడవాటి స్పీకరులు చాలవఱకు వేఱు జాతివి. వాని వెనుక 100 నుండి 240 వఱకు అని వ్రాసియుండును. అట్టివి సాధారణముగా 264 వోల్టులవఱకు తట్టుకొనునట్లు నిర్మింపబడును. లోపలికి 110 వచ్చినను 250 వచ్చినను, తమకు వలసినంతయే తీసికొనును. వీనికై స్టెబిలైజరు కొనుట వృథా వ్యయము. అంగడివాడు వేఱుగా చెప్పినచో నతని ధర్మము నతడు నెఱవేర్చుచున్నాడని గ్రహింపుడు.

ఏ పరిహారమునకైనను ముందు కొలుచుట అవసరము. గోడ సాకెట్టులో గ్రుచ్చినంతనే అంకె చూపు చిన్న వోల్టుమీటరులు స్వల్పపు వెలకు దొరకును. సూదులు గల మీటరును సాకెట్టులో పెట్టి చూచుట అలవాటు లేనివారు చేయదగినది కాదు. ఈ చిన్న మీటరును ఉదయము ఆఱు గంటలకు, మధ్యాహ్నము ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి, మెలకువ వచ్చినచో తెల్లవారుజామున మూడింటికి చూచి, పాలలెక్క వ్రాయు క్యాలెండరు మీదనే ఆ యంకెలను వ్రాయుడు. ఒక వారమైన తరువాత మీ యింటి వోల్టేజి స్వభావము తెలియును. ఎన్నడును 240 దాటనిచో, రేడియో వెనుకనున్న పలకను సరిచూచుకొని నిశ్చింతగా నుండవచ్చును. 240కిని 255కిని నడుమ తిరుగుచున్నచో క్రింద చెప్పబోవు ఉపాయము కావలెను. 255 తఱచుగా దాటుచున్నచో అది మన రేడియో సంగతి మాత్రమే కాదు, కరెంటు కార్యాలయమువారి సంగతి.

ఉపాయములలో మొదటిది దమ్మిడీ వ్యయము లేనిది. పాత ఫిలిప్సు మొదలగు ఐరోపా రేడియోల వెనుక చెక్కమీద చిన్న పలక గాని, త్రిప్పు బిళ్ల గాని యుండును. దానిపై 110, 125, 220, 245 వంటి యంకెలు కనబడును. ఏ వోల్టేజి గల యూరికైనను ఆ రేడియో పనికివచ్చుటకై చేసిన యేర్పాటది. ఎన్నడో 220 మీద పెట్టిన బిళ్లను అర్ధశతాబ్దముగా నెవరును కదపియుండరు. ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీసివేసి, ఆ బిళ్లను అన్నిటికంటె పెద్ద యంకెమీదికి మార్చినచో చాలవఱకు వ్యాధి కుదురును. ఇంత సులభమైన దానిని మెకానిక్కులును మఱచుచున్నారు.

ఇక్కడ నొక ప్రాణాపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. ఏ.సి., డి.సి. రెంటికిని పనికివచ్చునట్లు చేసిన పాత రేడియోలు గలవు. వానిలో ట్రాన్సుఫార్మరు లేదు. వాల్వుల హీటరులన్నియు నొకదాని వెనుక నొకటిగా కూర్పబడియుండును. వాని వాల్వుల పేర్లు సాధారణముగా యు. అను నక్షరముతో ఆరంభమగును. అట్టివానిలో లోపలి యినుప పీటకు కరెంటు తీగ నేరుగా తగిలియుండును. మీట గుండీ ఊడినచోట బయటపడిన యిరుసును తాకినను ప్రాణము పోవచ్చును. వోల్టేజి తగ్గించుటకు వాడు కొన్ని పరికరములు దానిని తగ్గించునే గాని, ఈ ప్రమాదమును తొలగింపవు. ఈ జాతి రేడియోను ఇంటిలో పిల్లలకు అందుబాటున పెట్టరాదు.

బిళ్ల లేని పరికరమునకు నాకు తెలిసిన మేలైన యుపాయము ఎదురు ట్రాన్సుఫార్మరు. పేరు క్రొత్తగా నున్నను వస్తువు పాతదే. 230 వోల్టులను 24 వోల్టులుగా దింపు చిన్న ట్రాన్సుఫార్మరు ఎలక్ట్రానికు సామానుల అంగడిలో దొరకును. దాని పెద్ద చుట్టను గోడ కరెంటుకు కలిపి, చిన్న చుట్టను రేడియోకు పోవు తీగలో, కరెంటునకు ఎదురుగా నుండునట్లు చేర్చవలెను. అప్పుడు గోడలో 250 ఉన్నచో చిన్న చుట్టలో 26 పుట్టి, దానిని 250లో తీసివేయగా రేడియోకు 224 చేరును. గోడలో తగ్గినచో ఇదియు కొంచెము తగ్గును. దీని సొగసు ఏమనగా, రేడియో త్రాగు శక్తియంతయు నీ ట్రాన్సుఫార్మరు మోయ నక్కఱలేదు; తగ్గించు వోల్టుల మేరకే మోసిన చాలును. 300 వాట్ల ఆంప్లిఫయరునకు కరెంటు ఒకటింబావు ఆంపియరు చిల్లర. కావున 24 వోల్టులు, 2 ఆంపియరుల ట్రాన్సుఫార్మరు సరిపోవును. అది కొబ్బరికాయకంటె చిన్నది. అయితే చిన్న చుట్ట తీగలు తాఱుమాఱైనచో 26 తీసివేయబడుటకు బదులు కూడబడి, 276 వోల్టులగును. కావున కట్టిన తరువాత మొదట రేడియోను కాక, ఒక ఫిలమెంటు బల్బును తగిలించి, మీటరుతో కొలిచి, తగ్గినదని రూఢి చేసికొనవలెను. ఈ పనిని తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే, ఫ్యూజు వేయించి, మూసిన యినుప పెట్టెలో, ఆ పెట్టెకు ఎర్తు తగిలించి చేయింపవలెను.

స్టెబిలైజరు మాటయేమని యడుగుదురు. శీతల యంత్రమునకు తగిలించు స్టెబిలైజరు లోపల రిలేలు టక్కుటక్కున మెట్లు మార్చును. మెట్టు మాఱినపుడెల్ల పాటలో చిటుక్కు మనును. వోల్టేజి మెట్టు అంచున నూగులాడుచున్నచో ఆ చిటుకులకు అంతముండదు. ఆలాపన వినుచున్న వానికి అంతకంటె హింస లేదు. మోటారుతో త్రిప్పు సర్వో స్టెబిలైజరు నయము, కాని మెల్లగా కదలును, వెలయు నెక్కువ. డిమ్మర్‌స్టాట్ అని బజారున పిలువబడు త్రిప్పుడు ట్రాన్సుఫార్మరు చాల చక్కని పనిముట్టు. ఐనను దానిని త్రిప్పువాడు మనుష్యుడని మఱవరాదు. రాత్రి ఎనిమిదింటికి గోడలో 215 ఉన్నపుడు దానిని త్రిప్పి 230 చేసి, అట్లే విడిచి నిద్రించినచో, అర్ధరాత్రమున గోడలో 250 వచ్చినపుడు రేడియోకు 267 పోవును. మందే విషమగుట యిది. చాలకాలము మూలనున్న రేడియోను తొలిసారి వెలిగించుటకు మాత్రము డిమ్మర్‌స్టాట్ గాని, వరుసలో కూర్చిన 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు గాని మిక్కిలి యుపకారి. లోపల నెచ్చటనైన షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి చెప్పును, రేడియో మాడదు.

ఇప్పటివఱకు మెల్లగా తినివేయు శత్రువును గూర్చి చెప్పితిని. రెండవ శత్రువు వేఱు. మొదటివానికి చేసిన యేర్పాటు రెండవవానికి పనికిరాదు. ఇది తెలియకయే పలువురు నష్టపోవుచున్నారు. వీధిలో మూడు ఫేజు తీగలును, వానికన్నిటికిని ఉమ్మడిగా న్యూట్రలు తీగ యొకటియు నుండును. గాలివానకు గాని, త్రుప్పుపట్టిన కట్టు సడలుటవలన గాని ఆ న్యూట్రలు తెగినచో, వేఱువేఱు ఫేజులమీద నున్న రెండిండ్లు ఒకదాని వెనుక నొకటిగా 400 వోల్టుల నడుమ చిక్కుకొనును. ఆ 400ను వా రిద్దఱు సమానముగా పంచుకొనరు. ఎవరింట హెచ్చు భారము నడచుచున్నదో వారికి తక్కువ వోల్టులును, తక్కువ భారమున్న వారికి హెచ్చు వోల్టులును వచ్చును. ఒక యింటిలో 2,000 వాట్ల నీళ్ల హీటరు, ఎదురింటిలో రేడియోయు దీపములును కలిసి 100 వాట్లు నడచుచున్నవనుకొందము. లెక్కవేసి చూచినచో ఎదురింటి రేడియోకు 381 వోల్టులు పోవును. వేడినీళ్లు ఒకరికి, అగ్గి యింకొకరికి.

ఎదురు ట్రాన్సుఫార్మరు ఈ 381ని 341 చేయును, అంతియే. ఎం.సి.బి. అడ్డుకొనునని పలువురు నమ్ముదురు. ఎం.సి.బి. చూచునది కరెంటు హెచ్చును, వోల్టేజిని కాదు. ఇ.ఎల్.సి.బి. చూచునది భూమిలోనికి జాఱు కరెంటును. ఈ రెండును కన్నులార చూచుచుండగనే రేడియో కాలిపోవచ్చును. కావలసినది వోల్టేజి హద్దు దాటినంతనే తీగను తెంచు ప్రత్యేక సాధనము. అట్టివి మీటరు ప్రక్క పెట్టెలో బిగించుటకు దొరకును. 270 దాటగనే తెంచునట్లు పెట్టి, వోల్టేజి కుదుటపడిన తరువాత రెండు మూడు నిమిషములు వేచి మరల కలుపునట్టి దానిని కొనవలెను. ఇది రేడియోకే కాక ఇంటికంతటికిని రక్ష. ఒక గదిలో దీపములు మిక్కిలి ప్రకాశించుచు, అదే సమయమున ప్రక్కింటివి మాడిపోవుచున్నట్లు మసకబాఱినచో, లేదా గాలి వీచినపుడెల్ల దీపము ఎగసిపడుచున్నచో, అది న్యూట్రలు సడలిన గుర్తు. వెంటనే మెయిను స్విచ్చి ఆపి, 1912 అను నంబరునకు టెలిఫోను చేయవలెను. స్తంభమువద్దకు పోయి చూడరాదు.

అమెరికాలో నున్న మన వారు స్వదేశమునకు వచ్చునపుడు తెచ్చు పరికరములకు ఇంకొక చిక్కు గలదు. అచ్చటి కరెంటు 120 వోల్టులు, క్షణమునకు 60 ఆవృత్తులు. మనది 50 ఆవృత్తులు. వోల్టేజిని సగము చేయు ట్రాన్సుఫార్మరు కొని తగిలించినచో పని తీఱినదని భావింతురు. గోడలో 250 ఉన్నపుడు సగము 125. పైగా ఆవృత్తులు తగ్గుటచే అమెరికా ట్రాన్సుఫార్మరు ఇనుముపై భారము నూటికి 20 వంతులు పెరుగును. ఇదివఱకు చెప్పిన నీరు నిండిన గుడ్డ గతియే దానికి పట్టును. పరికరము వెనుక 50/60 అని వ్రాసియున్నచో చింత లేదు. 60 అని మాత్రమే యున్నచో ఇనుమునకు న్యాయమైన వోల్టేజి 100. కాని వాల్వు ఆంప్లిఫయరునకు 100 ఇచ్చినచో హీటరులు చల్లబడును గనుక, దానికి 110 పెట్టుట మధ్యేమార్గము. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునకు 100 చాలును. మీటగల గ్రామఫోనులలో కొన్ని పాతవాని మోటారు ఆవృత్తులనుబట్టియే తిరుగును. నిమిషమునకు 33 చిల్లర చుట్లు తిరుగవలసిన ప్లేటు ఇచ్చట 28 చుట్లకు లోబడి తిరుగును. శ్రుతి సుమారు మూడు స్వరస్థానములు దిగును. వోల్టేజిని ఎంత సవరించినను ఈ దోషము పోదు, మోటారు ఇరుసుకు తొడుగు కప్పీని మార్పింపవలసినదే.

ఇక కార్యాలయమువారికి వ్రాయు సంగతి. క్యాలెండరు మీది యంకెలు ఇప్పుడు పనికివచ్చును. ఏ తేదీన, ఏ గంటకు, ఎన్ని వోల్టులున్నవో వరుసగా వ్రాసి, మీ సర్వీసు నంబరును, వీధి ట్రాన్సుఫార్మరుపై పెయింటుతో వ్రాసిన నంబరును చేర్చి అర్జీ యిచ్చినచో, కరెంటు బాగులేదు అని వ్రాసిన పది యర్జీలకంటె అది బలమైనది. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమములలో, ఇండ్లకిచ్చు వోల్టేజి ప్రకటించిన దానికి నూటికి 6 వంతులకంటె నటునిటు కాగూడదని యుండెడిది. ఆ నియమముల స్థానమున తరువాత వేఱు నిబంధనలు వచ్చినను, హెచ్చుతగ్గులకు హద్దుండవలెనను మూలము పోలేదు. పెద్ద ట్రాన్సుఫార్మరులకు పైవైపున, వోల్టేజిని నూటికి రెండున్నర వంతుల చొప్పున మార్చు మెట్లు గలవు. ఒక మెట్టు మార్చినచో 250 కాస్తయు 244 అగును. ఇంజనీరుగారు వెంటనే ఒప్పుకొనకపోవచ్చును. ఆయన మాటయు న్యాయమే. మీకు తగ్గించినచో వీధి చివర నున్న వారికి సాయంకాలము దీపము మసకబాఱును. కావున చివరి యింటివారి యంకెలను కూడ ఒక వారము వ్రాయించి మీ యర్జీకి జతచేసినచో ఆయనకు నిర్ణయము సులభమగును. మెట్టు మార్చుటకు 11,000 వోల్టుల లైనును ఆపవలసియుండును గనుక, ఆ పని వారు తమకు వీలైన దినముననే చేయుదురు. అంతవఱకు వాల్వు రేడియోను, వీధిలోని దీపములన్నియు వెలుగుచుండు ఏడు గంటలకును తొమ్మిది గంటలకును నడుమ వినుచుండుడు.